చేతులతో మాటలాడువారు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు ఈ గ్రంథాలయము పుట్టిన నాటి సంగతులను, పుస్తకములకై ఇల్లిల్లు తిరిగిన కష్టమును సవిస్తరముగా చెప్పిరి. కార్యదర్శిగారు నన్ను మీ యిష్టము వచ్చిన విషయము చెప్పుడు, అరగంట మించవలదు అనిరి. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడు, భారత భాగవతములు గురువు లేక చదువుకొన్నవాడు గనుక, పురాణము ఎత్తునేమోయని కొందరు భయపడియుందురు. ఆ భయము వలదు. నేను చెప్పదలచినది మన చందా పుస్తకమున లేని మనుష్యులను గూర్చి.

ఈ ఉత్సవమునకై ఇరువదియైదేండ్ల చందా పుస్తకములు నేనే తిరుగవేసితిని. అందు రైతులు కలరు, కూలీలు కలరు, మగ్గము నేయువారు కలరు, బడిపిల్లలు కలరు. చూపు తగ్గిన ముసలివారు మనుమలచేత చదివించుకొనుటకు చందా కట్టిరి. బధిరుని పేరు ఒక్కటియు లేదు. మన గ్రామమున పుట్టు బధిరులు నేనెరిగినంతలో అయిదుగురు కలరు.

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అను సామెత మనమందరము వాడుదుము. నవ్వు పోయి చెవిటివానిమీద పడును. కాని సామెతను నిదానముగా చూచినచో, అందు తెలివితక్కువవాడు ఊదినవాడే. ఎదుటివాడు శంఖమును చూచుచునే యున్నాడు. ఊదువాని బుగ్గలు ఉబ్బుటయు చూచుచున్నాడు. చెప్పవలసినదేదో చేతితో చెప్పియుండినచో గ్రహించియుండును.

పుట్టు చెవిటివానిని మూగవాడనుట కూడ మన అలవాటు. అతని గొంతు మన గొంతువంటిదే. ఏడ్చును, నవ్వును, ఎద్దు పొలమున పడినచో కేక వేయును. వినని మాటను పలుకలేడు, అంతియే. అందుచేతనే వారు తమను మూగవారనుటను ఇష్టపడరు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైగా నమోదైరి. వారందరును పుట్టుకతో వినికిడి లేనివారు కారు. ముదిమిచేత వినికిడి తగ్గినవారును అందు కలరు. నేనీ దినమున చెప్పునది పుట్టుకనుండియో పసితనమునుండియో వినని వారిని గూర్చి.

పెదవుల కదలిక చూచి మాట తెలిసికొనవచ్చునుగదా అని కొందరందురు. వ్యాకరణము కొంచెము చదివినవారికి ఇందలి చిక్కు వెంటనే తెలియును. ప, బ, మ మూడును ఓష్ఠ్యములు, పుట్టు స్థానమొక్కటే. పకారమునకును బకారమునకును గల భేదము నాదము; అది గొంతులో పుట్టును. మకారపు భేదము ముక్కున కలదు. ఈ రెండును కంటికి కానరావు. ఇంటికి పోయి అద్దము ముందు నిలిచి, శబ్దము చేయక, పాట, బాట, మాట అని చూడుడు. మూడును ఒక్కటే. క, గ, హ అనునవి గొంతు దగ్గరనే పుట్టి గొంతు దగ్గరనే ముగియును. వానిలో పెదవికి పనియే లేదు. ఇక గుబురు మీసము గలవాని మాట, వక్క నములువాని మాట, వెలుతురునకు వీపు పెట్టి నిలిచినవాని మాట ఎవడు చదువగలడు? ముందుగా భాష వచ్చినవాడు ఊహతో కొంత పూరించుకొనును. మాట యనునది ఒకటి కలదనియే ఎరుగని శిశువును ఈ అరకొర కదలికలనుండి తెలుగంతయు నేర్చుకొమ్మనుట, మూలము ఎన్నడును చూడనివానికి చిరిగిన తాటాకులిచ్చి భారతము పూరింపుమనుట వంటిది.

ఇప్పుడు శస్త్రచికిత్స చేసి చెవి లోపల అమర్చు కాక్లియర్ ఇంప్లాంట్ అను యంత్రము వచ్చినది. పసితనముననే అమర్చి, ఏండ్ల తరబడి శిక్షణ యిచ్చినచో పెక్కుమందికి మాట వచ్చును. అది మేలే. కాని అది అందరికి అందదు. అందినవారందరికి ఒకే విధముగా ఫలింపదు. యంత్రము తీసి పండుకొన్న రాత్రి అతడు మరల బధిరుడే.

అట్లయిన వారికి భాష లేదా? కలదు. మన పూర్వులకు చేతి మహిమ తెలియనిది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున హస్తములను విస్తరించి చెప్పెను. నందికేశ్వరుడు అభినయదర్పణమున ఏ హస్తము ఏ ఏ అర్థములకు చెల్లునో జాబితాలు వ్రాసెను. వాత్స్యాయనుడు 64 కళలలో అక్షరముష్టికాకథనమును, అనగా వ్రేళ్ళతో అక్షరములు చూపి మాటలాడు విద్యను చేర్చెను. ఇంత చూచినవారు, చేతులతోనే కాపురము చేయుచు, బేరమాడుచు, తగవులాడుచు ఉండు జనులు కలరని వ్రాసినట్లు నేను చదివిన గ్రంథములలో లేదు. మూకకవి కామాక్షీదేవి కటాక్షమున వాక్కు పొంది మూకపంచశతి చెప్పెనని మన కథ. మనోహరమైన కథయే. కాని ఇట్టి కథలయందు వరముగా వచ్చునది ఎల్లప్పుడును మన పలుకే.

నాట్యహస్తములే బధిరుల భాష అని భ్రమపడరాదు. నటుని చేయి పాటను వెన్నంటి పోవును. బధిరుని చేతికి వెనుక పాట లేదు. ఆ చేయియే మాట. దీనిని 1960లో శాస్త్రయుక్తముగా చూపినవాడు విలియం స్టోకీ అను అమెరికా పండితుడు. ఆయన వాషింగ్టనులో బధిరులకై ఏర్పడిన గాలడెట్ కళాశాలయందు ఇంగ్లీషు చెప్పుచుండెను. సంజ్ఞ యనునది ఒక్క ముద్దగా గీసిన బొమ్మ కాదనియు, చేతి ఆకారము, అది నిలుచు స్థానము, దాని కదలిక అను మూడు అంగములు కలిసి ఏర్పడుననియు, అందొకటి మారినచో అర్థము మారుననియు నిరూపించెను. పాటలో పకారము తీసి బకారము పెట్టినచో బాట అయినట్లే. మొదట ఆయన సహోద్యోగులే నవ్విరి. నేడు నవ్వువారు లేరు.

ఈ భాష లోకమంతట ఒక్కటియు కాదు. అమెరికావారును ఇంగ్లండువారును ఇంగ్లీషే మాటలాడుదురు. కాని ఆ రెండు దేశముల బధిరుల భాషలు ఒకరిది ఒకరికి తెలియవు. అమెరికా సంజ్ఞాభాషకు చుట్టరికము ఫ్రాన్సుతో. ఏలయనగా 1817లో హార్ట్‌ఫర్డు పట్టణమున తెరచిన పాఠశాలకు లారెంట్ క్లెర్క్ అను బధిర ఉపాధ్యాయుడు పారిసునుండి వచ్చెను. మన దేశపు సంగతికి వత్తము. హిమాచల ప్రాంతపు పల్లెలో పుట్టి, పదకొండవ యేట జబ్బుచేసి వినికిడి పోగొట్టుకొని, ఢిల్లీలో ఫొటోలు తీయు పని నేర్చి, 1967లో గాలడెట్ కళాశాలకు చదువుకొనబోయిన మదన్ వశిష్ఠ అను నాయన కలడు. ఆయనయు, జేమ్స్ వుడ్‌వర్డ్ మొదలగువారును 1970ల చివర ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరముల బధిరుల సంజ్ఞలను సేకరించి, అవి ఒండొంటికి బంధువులని కనుగొనిరి. అదియే భారతీయ సంజ్ఞాభాష. అందు ప్రశ్నపదము వాక్యము చివర వచ్చును. నీ పేరు ఏమి అని మనము అడుగు వరుసయే వారిదియు. ఇంగ్లీషు వరుసకంటె ఇది తెలుగువానికి దగ్గరగా తోచును.

ఇందొక చిక్కు కలదు. బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టుదురు. మనకు భాష తల్లి ఒడిలో వచ్చును. వారికి బడిలో, హాస్టలులో, తోటి బధిరుల నడుమ వచ్చును. తల్లి భాష వారికి రెండవ భాష. గ్రంథాలయమువారు కన్నులున్నవిగదా, పుస్తకము చదువుకొనవచ్చునుగదా అని తలతురు. చదువగలవారు కలరు. కాని ఎన్నడును వినని భాషను అక్షరములనుండి నేర్చుట, మనము గురువు లేక పాణిని సూత్రములు పట్టుకొని సంస్కృతము నేర్చుట వంటిది. నేను ఆ దారిన నడచినవాడను. ఎంత కాలము పట్టునో ఎరుగుదును. వారికి ముందు తమ భాషలో కథ చెప్పి, లోకము చెప్పి, ఆ తరువాత పుస్తకము చేతికీయవలెను.

ఇప్పుడు ఒక ద్వీపపు కథ వినుడు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు తీరమునకు కొద్ది మైళ్ళ దూరమున మార్తాస్ వినియర్డ్ అను ద్వీపము కలదు. చేపలు పట్టువారు, గొఱ్ఱెలు పెంచువారు, చిన్న రైతులు ఉండిన చోటు. 1690లలో జోనాథన్ లాంబర్టు అను వడ్రంగి భార్యతో అచటికి వచ్చి స్థిరపడెను. అతడు బధిరుడు. అతని బిడ్డలలో ఇద్దరు బధిరులైరి. ఆ ద్వీపవాసుల పూర్వులలో పెక్కుమంది ఇంగ్లండులోని కెంటు ప్రాంతమునుండి వచ్చినవారు. బధిరత్వపు బీజము వారి రక్తమున ముందే కలదు. తల్లియు తండ్రియు ఇద్దరును ఆ బీజము మోసినప్పుడే అది బిడ్డలో బయటపడును. ద్వీపమున పెండ్లిండ్లు దగ్గరివారిలోనే జరుగుచుండెను. మేనరికములు చేసికొను మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశమంతటి లెక్కలో సుమారు 5,700 మందికి ఒకడు బధిరుడైనచో, ఆ ద్వీపమున 155 మందికి ఒకడు. చిల్‌మార్క్ అను గ్రామమున 25 మందికి ఒకడు.

అపుడు ఊరు ఏమి చేసెను? వారికై ప్రత్యేకముగా ఏ సంస్థయు పెట్టలేదు. అందరును చేతులతో మాటలాడుట నేర్చిరి. వినగల బిడ్డయు పెద్దలను చూచి, నడక నేర్చినట్లు, సంజ్ఞలు నేర్చెను. అంగడిలో నలుగురు కూర్చున్నచోట బధిరుడు వచ్చినచో మాటలు చేతులలోనికి మారును. బధిరులు భూములు దున్నిరి, పడవలు నడిపిరి, వినగలవారిని పెండ్లాడిరి, ఊరి వ్యవహారములలో పాల్గొనిరి. వినువారు సైతము, బధిరులు లేనప్పుడును, ఆ భాష వాడుకొనిరి. సముద్రముమీద కేక అందనంత దూరమున ఉన్న రెండు పడవలవారు చేతులతో సంగతులు చెప్పుకొనిరి. బడిలో పిల్లలు పంతులు వీపు తిప్పగానే చేతులతో ముచ్చటలాడిరట. మన పిల్లలకు ఈ విద్య తెలియకపోవుట పంతుళ్ళ అదృష్టము.

నోరా గ్రోస్ అను పరిశోధకురాలు ఆ ద్వీపపు ముసలివారిని అడిగి తెలిసికొని, 1985లో ఒక పుస్తకము ప్రకటించెను. ఆమె ఫలానా వారిని గూర్చి చెప్పుడని అడుగగా, ముసలివారు వారు మంచి చేపల వేటగాండ్రని చెప్పిరి. వారు బధిరులు కారా అని మరల అడిగినప్పుడు, కొంచెము ఆలోచించి, అవును, ఆ మాట నిజమేనని జ్ఞాపకము తెచ్చుకొనిరి. నేనీ చోట పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. మన ఊరిలో ఆ అయిదుగురిని ఏమని పిలుతుము? మీకందరకు తెలియును; ఈ సభలో నేను పలుకను. వారి పేర్లు రేషను కార్డులోను, నా లెక్కల పుస్తకములోను మాత్రము కలవు.

ద్వీపములోని బధిర బాలురు హార్ట్‌ఫర్డు పాఠశాలకు పోయి బయటివారిని పెండ్లాడిరి. ద్వీపమునకు క్రొత్తవారు వచ్చిరి. బధిర శిశువులు పుట్టుట తగ్గెను. ఆ వంశములలోని చివరి బధిరురాలు 1952లో మరణించెను.

ఇది దూరపు కథ యందురేమో. మన హిందూపురమునకు దగ్గరలోనే, కర్ణాటకమున గౌరీబిదనూరు ప్రాంతమున అలీపూరు అను గ్రామము కలదు. అచట బధిరులు నూరుమందికి పైగా ఉన్నట్లును, ఆ ఊరిలోనే పుట్టిన సంజ్ఞాభాషను వినగలవారు పెక్కుమంది వాడుచున్నట్లును, తాను స్వయముగా బధిరుడైన శివాజీ పండా అను పండితుడు పరిశోధించి వ్రాసెను. అచటను పెండ్లిండ్లు ఊరిలోపలనే. కారణము రక్తసంబంధమే కావచ్చును. కాని భాష రక్తమునుండి రాలేదు, ఇరుగుపొరుగునుండి వచ్చినది.

చదువుకొన్నవారు మాత్రము వేరు దారి పట్టిరి. 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున బధిర విద్యను గూర్చి ఒక మహాసభ జరిగెను. ప్రతినిధులు దాదాపు అందరును వినగలవారే. పాఠశాలలలో సంజ్ఞలు మాని, పెదవిమాటయే నేర్పవలెనని తీర్మానించిరి. బధిర ఉపాధ్యాయులు కొలువులు పోగొట్టుకొనిరి. పిల్లల చేతులమీద బెత్తములు పడెను. ఆ తీర్మానము తప్పని అట్టి మహాసభయే 2010లో వాంకోవరున విచారము ప్రకటించెను. నూటముప్పది యేండ్లు పట్టినది.

ఇక నా వృత్తికి దగ్గరి సంగతి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున పుట్టు గ్రుడ్డికి, చెవిటికి, మూగకు ఆస్తిలో భాగము లేదని కలదు. కూడు గుడ్డలు మాత్రము ఈయవలెనని కలదు. ఈ నియమమును 1928 చట్టము చాలవరకు తొలగించెను. 1956 హిందూ వారసత్వ చట్టము రోగముగాని అవయవ లోపముగాని వారసత్వమునకు అడ్డు కాదని స్పష్టముగా చెప్పెను. సాక్ష్యమా? 1872 చట్టమే, నోటితో చెప్పలేనివాడు వ్రాతతోగాని సైగలతోగాని కోర్టులో చెప్పినచో అది వాఙ్మూలమే అనెను. 2013 సవరణ అట్టి సాక్ష్యమునకు దుబాసీ సాయము తీసికొని, వీడియో తీయవలెననెను. 2024 జులైనుండి అమలగుచున్న క్రొత్త సాక్ష్య చట్టమున కూడ అదియే కలదు. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాదిని దుబాసీ సాయముతో సుప్రీంకోర్టు ఎదుట హాజరయ్యెను.

చట్టము ఇంత దూరము వచ్చినది. ఊరు రాలేదు. భాగపరిష్కారమునాడు కాగితము పెద్దగా చదువుట ఆచారము. అన్నదమ్ములలో ఒకడు బధిరుడైనచో ఏమి జరుగునో నేను పలు గ్రామములలో చూచితిని. చదువుట ముగియగానే పెద్దమనుష్యులు అందరకు సమ్మతమేనా అందురు. అన్న ముందుకు వచ్చి, వానికి నేను చెప్పితిని, వాడు సరేననెను అనును. బధిరుడు అందరి ముఖములు చూచి తల యూపును. వ్రేలిముద్ర వేయుమను సైగ ఊరందరికి తెలియును. కాలువ ప్రక్క ఎకరము నీది కాదు, మెట్ట మాత్రమే నీది అను సైగ ఎవరికిని తెలియదు. అన్న మంచివాడైనచో సరి. కాని ఒకని భూమి మరియొకని మంచితనముమీద నిలుచుట లెక్క కాదు. ఆ సభలో ఊరివాడు ఒక్కడైనను ఆ భాష ఎరిగి, అతని ఎదుట నిలిచి, మెట్ట యేది, మాగాణి యేది అడిగి తెలిసికొనవలెను. పట్టణమునుండి దుబాసీ వచ్చువరకు భాగములు ఆగవు.

బధిరులు తమలో తాము కలిసినప్పుడు చూచినవారికి వారి బ్రతుకు దీనమైనదని తోచదు. పిలువవలసినచో భుజము తట్టుదురు, నేలను కాలితో కొట్టుదురు, దీపమును ఒకసారి ఆర్పి వెలిగింతురు. గుండ్రముగా కూర్చుందురు, ఒకరి చేతులు ఒకరికి కనబడవలెనుగదా. మెచ్చుకోలునకు చప్పట్లు కొట్టరు. రెండు చేతులు పైకెత్తి ఆడింతురు. ప్రతివానికి ఒక సంజ్ఞానామము పెట్టుదురు. గడ్డముమీది మచ్చయో, నవ్వు తీరో, ఒక అలవాటో ఆ పేరగును. టెలిఫోను కనిపెట్టిన గ్రహాంబెల్లుగారి తల్లియు భార్యయు బధిరులే. అయినను 1876లో పుట్టిన ఆ యంత్రము నూరేండ్లు బధిరులను వెలిగా ఉంచెను. నేడు బొమ్మ కనబడు ఫోను వచ్చి ఆ బాకీ తీర్చుచున్నది. గట్టుమీద నిలిచి ఫోను ఎదుట పట్టుకొని ఒంటిచేతితో ముచ్చటించు యువకుని మీలో కొందరు చూచియుందురు. ఆ అవతల ఉన్నది అతని ఊరు. మన ఊరిలో అతనికి మాటలాడువాడు లేడు.

2015లో కేంద్ర ప్రభుత్వము ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రమును స్థాపించెను. 2018లో 3,000 మాటలతో వెలువడిన వారి నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగెను. ప్రతి మాటకు మనుష్యుడు చేసి చూపు వీడియో కలదు. ఫోనులో ఉచితముగా చూడవచ్చును. పాఠ్యపుస్తకములను సంజ్ఞాభాషలోనికి తెచ్చుటకు 2020లో ఒప్పందము జరిగెను. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రక్కన దీనికిని ఒక చోటు ఈయవలెనని నా మనవి.

నిఘంటువుతో మాత్రమే భాష రాదు, మనిషి కావలెను. మన ఊరి బధిర బాలిక పట్టణపు ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి ముగించి వచ్చినది. సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడెల్ల ఏవేవో కథలు చేతులతో చెప్పుననియు, తమకు తినుము, రమ్ము, పండుకొనుము అను మూడు సైగలకంటె తెలియవనియు ఆమె నాయనమ్మ నాతో చెప్పినది. ఆ పిల్ల యేమి చెప్పుచున్నదో చచ్చేలోగా ఒక్కసారి తెలిసికొనవలెనని ముసలామె కోరిక. ఇంటివారి సమ్మతితోను, ఆ బాలిక సమ్మతితోను, ఈ వేసవిలో ప్రతి ఆదివారము సాయంకాలము ఒక గంట మన చదువు గదిలో ఆమెచేత పాఠము చెప్పింపవలెనని ప్రతిపాదించుచున్నాను. పంతులమ్మకు ఇచ్చు గౌరవ వేతనమే ఆమెకును ఈయవలెను, పిల్లయని తగ్గింపరాదు. గది గోడమీద నిశ్శబ్దముగా నుండుడు అను పలక తీయనక్కరలేదు. ఆ నియమమును తప్పక గంటలతరబడి మాటలాడగలవారు వారే.

ఒక్క ఇబ్బంది కలదు. చదువు గదిలో మూల బల్లమీద తప్ప వెలుతురు చాలదు. చేయి కనబడనిచో మాట లేదు. నడుమ ఒక గొట్టపు దీపము వేయింపవలెను. బల్లలు వరుసగా కాక గుండ్రముగా వేయవలెను. పేర్లు వ్రాయించుకొనువారికై కార్యదర్శిగారి బల్లమీద కాగితము పెట్టితిని. మొదటి పేరు ఆ నాయనమ్మది; రెండవది నాది.